సొంత చేత్తో కమాన్ పని... ఏ పనిముట్టు కొనాలి, ఏది చేయించుకోవాలి?

విజయవాడ (ఆటోనగర్): జగ్గయ్యపేట నుంచి సిమెంటు ఎత్తినా, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం నుంచి బూడిద ఎత్తినా లారీలో ఆ బరువంతా మోసేవి కమాన్ కట్టలే. చక్రం గోతిలో పడిన ప్రతిసారీ దెబ్బ వాటికే తగులుతుంది. ఏదో ఒక రోజు ఒక పట్టీ విరుగుతుంది, లేదా షాకిల్ పిన్ను అరిగి బండి పక్కకు లాగడం మొదలుపెడుతుంది. పది లారీలున్న ట్రాన్స్‌పోర్టుకు ఇది చిన్న ఖర్చు. ఒకే లారీ కొనుక్కొని తానే నడుపుకొనే యజమానికి మాత్రం పట్టీ ఖరీదు కంటే బండి నిలిచిపోయిన రోజులే ఎక్కువ భారం. బండి కదలకపోయినా ఫైనాన్స్ కిస్తీ ఆగదు కదా!

అందుకే ఇటువంటి యజమానులలో పలువురు కమాన్ పనిని తామే చేసుకుంటున్నారు. పని తెలియక వారు ఇబ్బంది పడటం లేదు. పనిముట్లు లేకనే పడుతున్నారు. కారుకో, ట్రాక్టరుకో సరిపోయే పానాల పెట్టె లారీ కింద పనిచేయదు. కంపెనీ వర్కుషాపులో ఉండే సామగ్రి అంతా కొనాలంటే అసలు మరమ్మతు కంటే అదే ఎక్కువవుతుంది. ఈ రెంటికీ మధ్య ఒక దారి ఉంది. చేతిలో ఉన్న డబ్బును మొదట పానాల మీద కాక, బండిని ఎత్తి కదలకుండా నిలబెట్టే సామగ్రి మీద పెట్టాలి. తక్కిన వాటిలో కొన్నింటిని టర్నింగు షాపులో చేయించుకోవచ్చు, కొన్నింటిని అద్దెకు తెచ్చుకోవచ్చు. కొనక తప్పనివి చివరికి అయిదారుకు మించవు.

బిగించేది ఏది? నిలిపేది ఏది?

కమాన్ అంటే పర్షియన్ భాషలో విల్లు. పట్టీల వంపును చూసినవారికి ఆ పేరు ఎందుకు వచ్చిందో వేరుగా చెప్పనక్కరలేదు. అన్నింటికంటే పొడవైన పెద్ద పట్టీకి రెండు చివరలా చుట్టు ఉంటుంది. ఒక చివర ఛాసిస్ బ్రాకెట్‌కు పిన్నుతో నిలిచి ఉంటుంది. రెండో చివర షాకిల్‌కు వేలాడుతూ పట్టీ సాగినప్పుడు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. పట్టీలన్నింటినీ మధ్యలో ఒక సెంటర్ బోల్టు కూర్చి ఉంచుతుంది. కట్ట మొత్తాన్ని ముందు బీముకు గాని, వెనుక హౌసింగుకు గాని బిగించి పట్టేవి యూ బోల్టులు.

సెంటర్ బోల్టు తెగితే చాలామంది ఆ బోల్టునే తిడతారు. నిజానికి అది పట్టీలను వరుసలో ఉంచడానికే గాని బరువు లాగడానికి కాదు. యూ బోల్టులు వదులైనప్పుడు లాగుడంతా దాని మీద పడి తెగుతుంది. అది తెగితే యాక్సిల్ ఒక పక్కకు జరిగి లారీ అడ్డంగా పరుగెడుతుంది. అందువల్ల ఈ పనిలో అసలు ప్రశ్న యూ బోల్టును ఎంత గట్టిగా, ఎంత సమంగా బిగించగలిగామన్నదే. పనిముట్ల ఎంపిక కూడా అక్కడి నుంచే మొదలవుతుంది.

జాకీ ఎత్తుతుంది... మోయదు!

లారీ కింద జరిగే ప్రాణనష్టాలకు ప్రధాన కారణం జాకీ జారడం. బాటిల్ జాకీ బండిని పైకి ఎత్తే యంత్రం మాత్రమే. లోపలి రబ్బరు సీలు ఒకటి పాడైతే చాలు, నూనె వెనక్కి జారి బండి కిందికి దిగుతుంది. కొత్త జాకీ అయినా నేల కుంగితే ఒరుగుతుంది. కృష్ణా తీరంలోని నల్లరేగడిలో వాన పడ్డాక జాకీ కింద చెక్క పెట్టకుండా లారీని ఎత్తడానికి ప్రయత్నించినవారికి ఈ సంగతి బాగా తెలుసు.

బరువు లెక్క ఒకసారి చూద్దాం. 2018 జులైలో కేంద్ర ప్రభుత్వం యాక్సిల్ బరువుల పరిమితిని పెంచింది. రెండు యాక్సిళ్ల లారీకి అనుమతించిన మొత్తం బరువు 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు, నాలుగు టైర్ల వెనుక యాక్సిల్ బరువు 10.2 నుంచి 11.5 టన్నులకు చేరింది. అంటే నిండు లోడుతో వెనుక ఒక్క పక్కనే అయిదున్నర టన్నులకు పైగా ఉంటుంది. సరుకు దించిన తరువాతే కమాన్ పని మొదలుపెట్టడం క్షేమం. అయినా దారిలో విరిగినప్పుడు ఆ అవకాశం ఉండకపోవచ్చు కనుక 20 టన్నుల జాకీ కొనడమే మంచిది. మన దేశంలో తయారైన మంచి రకం సుమారు మూడు వేల నుంచి ఆరు వేల రూపాయల మధ్య దొరుకుతుంది. కట్ట మార్చేటప్పుడు ఛాసిస్‌ను ఎత్తి నిలిపి, యాక్సిల్‌ను విడిగా మరో జాకీతో పైకీ కిందికీ సర్దవలసి ఉంటుంది. కాబట్టి జాకీలు రెండు కావాలి. రెండోది 10 టన్నులది అయినా ఇబ్బంది లేదు.

జాకీ ఎత్తిన తరువాత ఛాసిస్ కింద ఇనుప స్టాండ్లు పెట్టాలి. ఎన్ని టన్నులు మోయగలవో వాటి మీద ముద్రించి ఉండాలి. తెలిసిన వెల్డరు చేత పైపు ముక్కలతో చవకగా చేయించుకోవచ్చన్న ఆలోచన చాలామందికి వస్తుంది. ఈ ఒక్క పనిముట్టు విషయంలో ఆ ఆలోచన మానుకోవాలి. వెల్డింగు పైకి నున్నగా కనిపించినా లోపల అతుక్కున్నదీ లేనిదీ బరువు పడేదాకా తెలియదు. స్టాండు కొనే స్తోమత లేకపోతే పాత రైలు స్లీపరు చెక్కల వంటి గట్టి దిమ్మెలను ఒక వరుస నిలువుగా, ఒక వరుస అడ్డంగా పేర్చి దొంతి కట్టాలి. చవక స్టాండు కంటే అదే నమ్మకమైనది. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు, గ్రానైటు ముక్కలు మాత్రం ఎన్నడూ పనికిరావు. అవి ముందుగా ఏ సూచనా ఇవ్వకుండా పగులుతాయి.

తక్కిన చక్రాలకు ముందూ వెనుకా అడ్డం పెట్టడం ఎవరూ మరచిపోరు. పని ముగిశాక ఆ రాళ్లను తీయడమే మరచిపోతారు. రాత్రి వేళ జాతీయ రహదారి మీద అలా వదిలేసిన రాయి వెనుక వచ్చే ద్విచక్ర వాహనదారుడి ప్రాణం తీయగలదు. రెండు చెక్క ముక్కలను తాడుతో కట్టి బండిలోనే ఉంచుకుంటే పైసా ఖర్చు లేకుండా ఈ పాపం తప్పుతుంది.

ఏ బోల్టుకు ఏ పానా?

లారీ కమాన్ పనికి పెద్ద పెట్టె కొననవసరం లేదు. తన బండికి ఉన్న బోల్టుల కొలతలు ముందు కాగితం మీద రాసుకోవాలి. మర మందం 16 మిల్లీమీటర్లుంటే 24 నంబరు పానా, 18 ఉంటే 27, 20 ఉంటే 30, 24 ఉంటే 36 నంబరు పానా పడుతుంది. 22 మిల్లీమీటర్ల బోల్టుకు మాత్రం తయారీని బట్టి 32 గాని, 34 గాని పట్టవచ్చు. నట్టును కొలిచి చూడకుండా కొనరాదు. పాతకాలపు కొన్ని బండ్లలో అంగుళాల కొలత నట్లు ఇంకా ఉన్నాయి. వాటికి మిల్లీమీటర్ల పానా వేస్తే మొదటి లాగుడులోనే నట్టు మూలలు అరిగిపోతాయి.

ఇక్కడే చవకైన పనిముట్టు ఒకటి ఉంది. సుత్తితో కొట్టడానికే తయారుచేసిన పొట్టి, మందపాటి రింగు పానా అది. దీన్ని స్లాగింగ్ పానా అంటారు. పట్టిన నట్టును కదల్చడానికి పొడుగు పైపు తగిలించి వేలాడటం కంటే ఈ పానా మీద రెండు సమ్మెట దెబ్బలు వేయడం మేలు. యూ బోల్టు కొలతది ఒక్కటి కొంటే చాలు. పెట్టెడు సాకెట్ల ధరతో పోలిస్తే దీని ఖరీదు నామమాత్రం. మామూలు రింగు పానాను సుత్తితో కొట్టడం మాత్రం ప్రమాదం. తళతళలాడే క్రోమ్ పూత సాకెట్లను గాలి గన్నుకు తగిలించడమూ అంతే. అవి పగిలితే ముక్క కంటికే తగులుతుంది. గన్నుకు నల్లటి ఇంపాక్ట్ సాకెట్లే వాడాలి.

సాకెట్లు కొనేటప్పుడు ముప్పావు అంగుళం చదరం ఉన్నవే తీసుకోవాలి. అర అంగుళం హ్యాండిల్ కారు చక్రాలకు చాలుతుంది గాని లారీ యూ బోల్టు దగ్గర మెలితిరిగిపోతుంది. పూర్తి సెట్టు బదులు హ్యాండిల్ ఒకటి, అవసరమైన రెండు మూడు సాకెట్లు విడిగా కొంటే ఖర్చు బాగా తగ్గుతుంది. ఆటోనగర్ దుకాణాలలో సాకెట్లను విడిగా అమ్ముతారు, అడిగితేనే చూపిస్తారు!

తుప్పు పట్టిన నట్టు ఎంతకూ కదలకపోతే ముందు రోజు రాత్రే డీజిలు గాని, తుప్పు వదిలించే నూనె గాని పోసి ఉంచాలి. ఎలాగూ పారవేయవలసిన యూ బోల్టే అయితే కట్టింగ్ వీలుతో కోయడమే సులువు. గ్యాసు మంట వాడితే అది పట్టీకి తగలకుండా జాగ్రత్త పడాలి. కమాన్ పట్టీ ఉక్కుకు కాల్చి చల్లార్చిన పదును ఉంటుంది. మంట తగిలిన చోట ఆ పదును పోతుంది. తరువాత సరిగ్గా అక్కడే విరుగుతుంది. కమాన్ మీద వెల్డింగు నిప్పురవ్వలు పడినా అదే నష్టం.

టార్క్ రెంచికి బదులు వేలాడే కాటా

యూ బోల్టును ఎంత బిగించాలో తయారీదారు పుస్తకంలో అంకె ఉంటుంది. ఆ అంకె చూపే టార్క్ రెంచి లారీ సైజుది కొనాలంటే పది వేల రూపాయల పైమాటే. ఏడాదికి రెండుసార్లు వాడే పనిముట్టుకు అంత పెట్టడం ఒంటి లారీ యజమానికి కష్టం. దాంతో 'బిగిసినంత' బిగించి వదిలేస్తారు. ఒక పక్క నట్టు ఎక్కువ, మరో పక్క తక్కువ బిగుస్తుంది. వదులైన బోల్టు కథ అక్కడే మొదలవుతుంది.

దీనికి మన పాత ఇనుము వ్యాపారుల దగ్గరే జవాబు ఉంది. కొక్కెంతో వేలాడదీసే కాటా కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. సాకెట్ హ్యాండిల్‌కు బలమైన పైపు తొడిగి, నట్టు మధ్య నుంచి సరిగ్గా ఒక మీటరు దూరంలో గుర్తు పెట్టాలి. ఆ గుర్తు దగ్గర కాటా కొక్కెం తగిలించి, పైపుకు నిలువు కోణంలో లాగాలి. కాటా 40 కిలోలు చూపినప్పుడు నట్టు మీద పడే బిగింపు 40 కిలోగ్రామ్ మీటర్లు. పుస్తకంలో ఉండే న్యూటన్ మీటర్ల లెక్కలో అది సుమారు 392. ఒక కిలోగ్రామ్ మీటరు అంటే 9.8 న్యూటన్ మీటర్లు. కనుక పుస్తకంలోని అంకెను 9.8తో భాగిస్తే మీటరు పైపు మీద ఎన్ని కిలోలు లాగాలో తెలిసిపోతుంది. పైపు అర మీటరే అయితే లాగుడు రెట్టింపు కావాలి. పక్కకు వంకరగా లాగితే లెక్క తప్పుతుంది. వర్కుషాపు రెంచి అంత కచ్చితత్వం రాకపోయినా నాలుగు నట్లూ సమంగా బిగుస్తాయి. కేవలం చేతి అంచనా కంటే ఇది ఎంతో నయం.

చక్రాల నట్లు విప్పడానికి చేతితో తిప్పే గేరు పెట్టె ఉన్న పానా ఒకటి ఇటీవల చాలా లారీలలో కనిపిస్తోంది. బక్కపలచని మనిషి కూడా దానితో బిగిసిన నట్టును విప్పగలడు. విప్పడానికి అది మంచిదే. బిగించడానికి మాత్రం వాడకూడదు. ఎంత బలం పడుతోందో చేతికి తెలియక బోల్టు మరలే సాగిపోతాయి.

టర్నింగు షాపులో తయారయ్యేవి

అరిగిన షాకిల్ పిన్ను, దాని బుష్షు తీయడం ఈ మరమ్మతులో అతి మొండి పని. ఏళ్ల తరబడి గ్రీజు ఎక్కని పిన్ను బ్రాకెట్‌కు అతుక్కుపోతుంది. సమ్మెటతో నేరుగా కొడితే చివర పువ్వులా విచ్చుకొని ఇక ఎటూ రాదు. దీనికి కంపెనీ పుల్లర్లు ఉన్నాయి గాని అవి ఒక్కో మోడల్‌కు ఒక్కో రకం. ఆటోనగర్‌లోని ఏ లేత్ మెషిన్ దగ్గరకు వెళ్లినా అంతకంటే తక్కువకు పని జరుగుతుంది.

చేయించుకోవలసినది మెట్టు ఉన్న ఇనుప కడ్డీ ఒకటి. దాని ముందు భాగం బుష్షు లోపలి రంధ్రంలో వదులు లేకుండా దూరాలి. వెనుక మెట్టు బుష్షు బయటి కొలత కంటే ఒక పిసరు తక్కువ ఉండాలి. అప్పుడు దెబ్బ గాని, ఒత్తిడి గాని బుష్షు అంచు మీద సమంగా పడుతుంది. పట్టీ చుట్టుకు గీత పడదు. కొత్త బుష్షు ఎక్కించడానికి సుత్తి కూడా అక్కర్లేదు. మరలు కోసిన పొడుగు కడ్డీ, రెండు నట్లు, రెండు మందపాటి వాషర్లు, బుష్షు కంటే లావైన పైపు ముక్క ఉంటే చాలు. కడ్డీని చుట్టులో నుంచి దూర్చి నట్టు బిగిస్తూ పోతే బుష్షు తిన్నగా లోపలికి వెళుతుంది. కొలతకు పాత బుష్షును, పిన్నును వెంట తీసుకెళ్లడం మరవరాదు. నోటితో చెప్పిన కొలతకు చేసిన కడ్డీ మూలన పడి ఉండటమే చూస్తుంటాం.

సెంటర్ బోల్టు మార్చేటప్పుడు మరొక జాగ్రత్త. కట్టలోని పట్టీల వంపులు ఒకదానికొకటి సమానంగా ఉండవు. బోల్టు విప్పగానే అవి ఎగిరి విడిపోతాయి. ఆ దెబ్బకు వేళ్లు పోగొట్టుకున్నవారు ఉన్నారు. బోల్టుకు రెండు పక్కలా బలమైన సి క్లాంపులు బిగించి, ఆ తరువాతే విప్పాలి. కూర్చేటప్పుడు కూడా ముందుగా పొడుగు మర కడ్డీతో పట్టీలను దగ్గరకు లాగి, క్లాంపులు వేసి, అప్పుడు అసలు బోల్టు ఎక్కించాలి. పట్టీల మధ్య తుప్పును తీగ బ్రష్షుతో గీకి గ్రాఫైటు గ్రీజు పూయడానికి ఇదే సమయం.

కొనేచోట కళ్లు తెరిచి...

1960ల దశకంలో ఏర్పడిన విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో కొత్త పనిముట్లు, పాతవి రెండూ దొరుకుతాయి. గుంటూరు ఆటోనగర్, విశాఖలోని గాజువాక, హైదరాబాదు వనస్థలిపురం వైపున్న ఆటోనగర్, సికింద్రాబాదు రాణిగంజ్ బజారు కూడా ఇందుకు పేరున్నవే. మన దేశంలో చేతి పనిముట్ల తయారీ ఎక్కువగా పంజాబులోని జలంధర్, లూధియానా, రాజస్థాన్‌లోని నాగౌర్ ప్రాంతాలలో జరుగుతుంది. పేరున్న కంపెనీ ముద్రను పోలిన ముద్రతో నకిలీలు కూడా బజారులో ఉన్నాయి. పేరులో ఒక అక్షరం అటూ ఇటూ అయిందేమో చూసుకోవాలి. 'క్రోమ్ వెనేడియం' అని చెక్కి ఉన్నంత మాత్రాన అది ఆ ఉక్కే అవుతుందన్న హామీ లేదు. జీఎస్టీ బిల్లు తీసుకుంటే మార్చుకోవడానికైనా ఆధారం ఉంటుంది.

లారీలు, బస్సులు విప్పే పాత ఇనుము దుకాణాలలో మంచి పాత పానాలు తూకానికే దొరుకుతాయి. పాత పనిముట్టు అంటే మొహం చాటేయనక్కరలేదు. ఫోర్జింగుతో చేసిన పాత పానా కొత్త నకిలీ కంటే ఎన్నో రెట్లు మేలు. నోరు విచ్చుకున్న పానా, లోపలి మూలలు గుండ్రబడిన సాకెట్, ఎక్కడైనా వెల్డింగు అతుకు ఉన్నవి వదిలేయాలి. కొత్త నట్టు ఒకటి జేబులో వేసుకొని వెళ్లి తొడిగి చూస్తే నిజం తెలుస్తుంది. పాత జాకీ కొనవలసి వస్తే దుకాణం దగ్గరే లారీ కింద పెట్టి ఎత్తించి, అరగంట అలాగే ఉంచాలి. దిగితే కొనరాదు. లోపలి కడ్డీ మీద తుప్పు గుంటలు ఉన్నా కొనరాదు. కొత్త సీలు వేసినా ఆ గుంటలు దాన్ని మళ్లీ కోసేస్తాయి.

కొనకూడనివి, పంచుకోవలసినవి

పది టైర్ల లారీ టార్క్ రాడ్ బుష్షులు, కింగ్‌పిన్‌లు ఇంటి ముందు చేసే పనులు కావు. వాటికి పదుల టన్నుల హైడ్రాలిక్ ప్రెస్సు కావాలి. అయినా బండిని అక్కడికి తీసుకెళ్లనవసరం లేదు. భాగాన్ని తానే విప్పి ప్రెస్సు షాపుకు పట్టుకెళితే ప్రెస్సు కూలీ మాత్రమే అవుతుంది. విప్పడం, బిగించడం మిగులుతుంది. వంపు తగ్గిన కమాన్‌ను తిరిగి వంచి పదును పెట్టడం కూడా కమాన్ల షాపు వారికే వదలాలి.

కాటా, క్లాంపులు, మెట్టు కడ్డీలు, స్లాగింగ్ పానా వంటివి ఒకే మోడల్ బండ్లున్న నలుగురు కలిసి కొనుక్కోవచ్చు. లారీ యజమానుల సంఘాలు తమ కార్యాలయంలో ఒక పెట్టె ఉంచి, పుస్తకంలో సంతకం చేయించుకొని ఇవ్వడం పెద్ద పనేమీ కాదు. టార్క్ రెంచిని కూడా సంఘం తరఫున ఒకటి కొనవచ్చు. జాకీ, స్టాండ్లు మాత్రం ఎవరివి వారికి ఉండాలి. విరగడం సంఘం కార్యాలయం ముందే జరగదు కదా!

ఈ పనినే జీవనాధారంగా చేసుకోదలచిన యువకులకు ముద్ర పథకం కింద శిశు విభాగంలో 50 వేల రూపాయల వరకు తాకట్టు లేని రుణం ఉంది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలో పనిముట్ల కోసం 15 వేల రూపాయల వరకు ఇస్తున్నారు. అయితే ఆ పథకంలోని 18 వృత్తులలో కమ్మరి ఉన్నాడు, సుత్తి, పనిముట్లు చేసేవాడు ఉన్నాడు, లారీ మెకానిక్ మాత్రం లేడు. రోడ్డు పక్కన నూనె మరకల మధ్య బతికే ఆ పనివాడికి అందులో చోటు ఎందుకు దక్కలేదన్నది అడగవలసిన ప్రశ్నే.

కొత్త కట్ట ఎక్కించిన రోజుతో పని పూర్తికాదు. యూ బోల్టులు, వాటి నట్లు కొత్తవే వేయాలి. ఒకసారి సాగిన బోల్టు రెండోసారి పట్టు నిలపదు. నాలుగింటినీ ఒకేసారి కాక, మూల నుంచి ఎదుటి మూలకు కొంచెం కొంచెంగా బిగించుకు రావాలి. స్టాండ్లు తీసి బరువు చక్రాల మీదకు దిగిన తరువాత కాటాతో చివరి బిగింపు ఇవ్వాలి. సరుకెత్తి కొన్ని వందల కిలోమీటర్లు నడిచేసరికి పట్టీలు ఒకదాని మీద ఒకటి సర్దుకుంటాయి, పట్టు కొంత తగ్గుతుంది. అప్పుడు మళ్లీ అంతే లెక్కకు బిగించాలి. ఆ వేళకు లారీ ఏ ఒడిశాలోనో, ఏ తమిళనాడులోనో ఉండవచ్చు. అందుకే యూ బోల్టు పానా, మీటరు గుర్తు పెట్టిన పైపు, కాటా ఈ మూడూ ఇంట్లో కాక క్యాబిన్ సీటు కిందే ఉండాలి.